గట్టు దారి



పోస్టు పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, మధ్యలో వదిలేయకండి.

లంబసింగి, తాజంగి వైపు సైకిళ్ళ మీద తిరిగొచ్చినవాళ్ళు ఫోటోలు పెడుతుంటారు. కొండ, లోయ, మధ్యలో తాజంగి నీళ్ళు, పైన మంచు. చూస్తుంటే ఇంటిమీద బెంగ పుడుతుంది. "మీ బందరులో ఏముందిరా, ఉప్పుగాలి తప్ప" అని మమ్మల్ని ఆటపట్టించినవాళ్ళూ ఉన్నారు. నిజమే, ఇక్కడ కొండ లేదు. ఎత్తు అంటే కాలవ మీది వంతెన ఒక్కటే. కానీ లారీల రొద లేకుండా గంటల తరబడి తొక్కుకుంటూ పోయే దారులు మాకు దొరికాయి. రెండేళ్ళుగా వాటి మీద తిరుగుతున్నాం. ఆ దారులేవో చెబుదామని కూర్చున్నాం. రాస్తుంటే ఇంకో సంగతి కూడా చెప్పక తప్పలేదు.

మేం నలుగురం. బందరులో చదువుకుంటున్నాం. ఒకడిది చింతపల్లి మండలం. ఒకడు చింతూరు వైపు కోయ. ఒకమ్మాయి మాచర్ల దగ్గర తండా నుంచి వచ్చిన లంబాడీ. నాలుగోవాడు ఇక్కడివాడే, యానాది. ఎవరు టైపు చేస్తున్నారని అడక్కండి, మాట నలుగురిదీ. రెండో సగం మాత్రం మా యానాదోడి ఇంటి కథ. వాడు చదివి, రెండు చోట్ల కొట్టేసి, "ఇక పెట్టండి" అన్నాకే పెడుతున్నాం.

సైకిళ్ళు గొప్పవేం కావు. మూడు పాతవి, గేర్లు లేనివి. నాలుగోది మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా సర్కారు ఇచ్చిన సైకిలు, ముందు బుట్ట ఉన్నది. నీళ్ళ సీసాలు, పంక్చరు సామాను, అటుకులు అన్నీ ఆ బుట్టలోనే.

ముందు గట్టు అంటే ఏమిటో చెప్పాలి. బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది. అక్కణ్ణించి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి నుంచి పిల్ల కాలవలు, వాటి నుంచి బోదెలు. అరచేతిలో నరాల్లాగా డెల్టా అంతా పరుచుకున్నాయి. కాలవ తవ్విన మట్టిని రెండు పక్కలా పోస్తే అదే గట్టు అయింది. రోడ్లూ రైళ్ళూ సరిగ్గా లేని కాలంలో ఈ కాలవల్లో పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవని లాగేవాళ్ళు. నీటి మట్టం మారే చోట పడవని ఎక్కించటానికీ దించటానికీ కట్టినవే లాకులు. ఇప్పుడు పడవలు పోయాయి, లాకుల దగ్గర టీ కొట్లు మిగిలాయి. అంటే మనం సైకిలు తొక్కే గట్టు ఒకప్పుడు కూలివాళ్ళు భుజాన తాడేసుకుని నడిచిన దారి.

కొండ లేకపోతే సులువనుకోకండి. ఇక్కడ గాలే ఘాటు రోడ్డు. మా చింతపల్లోడు మొదటి రోజే అన్నాడు, "మా ఘాటీలో ఎక్కితే దిగుడన్నా ఉంటుంది, ఈ గాలికి దిగుడే లేదు" అని. తర్వాత కిటుకు తెలిసింది. ఎండాకాలం తెల్లారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి నేల వైపు తిరుగుతుంది. అందుకని చీకటితోనే బయల్దేరి సముద్రం వైపు పోవాలి, సాయంత్రం వెనక్కి రావాలి. రెండుసార్లూ గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. మా యానాదోడికి ఇది చిన్నప్పట్నించీ తెలుసు. మేం మాత్రం రెండు ఆదివారాలు ముక్కుతూ తొక్కి నేర్చుకున్నాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి బందరు నుంచి మంగినపూడి చాలు. పది, పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. సూర్యుడు లేచేలోపు చేరుకోవాలి, ఆదివారం పది దాటితే కార్లు మొదలవుతాయి. ఆ తీరంలో ఇసక నల్లగా, బురదలా ఉంటుంది. విశాఖ బీచి చూసిన కళ్ళకి వింతగా అనిపిస్తుంది.

రెండోది గుడివాడ దారి. బందరు, పెడన, వడ్లమన్నాడు, కవుతరం, గుడ్లవల్లేరు, గుడివాడ. రైలు పట్టాలు పోయే వరసే ఇది, సుమారు 40 కిలోమీటర్లు. పెడనలో కలంకారీ అద్దకం చేస్తారు. రంగు వేసిన బట్టలు బారులు తీర్చి ఆరేసి ఉంటాయి. అక్కడ ఆగి చూడండి, పనిచేసేవాళ్ళు బాగా మాట్లాడతారు. గుడివాడలో ఒక రాత్రి ఎవరైనా తెలిసినవాళ్ళ దగ్గర పడుకుంటే, మర్నాడు ముదినేపల్లి మీదుగా కైకలూరు, దాని పక్కనే ఆటపాక. అది కొల్లేరు అంచు. పెద్ద రోడ్డు 165వ నంబరు జాతీయ రహదారి, దాని మీద సైకిలు వద్దు. పక్కన కాలవ గట్లు, పొలాల మధ్య డొంకలు ఉన్నాయి. ఊరూరా అడుక్కుంటూ పోతే కాస్త చుట్టు తిరుగుడు అవుతుంది, ప్రాణానికి మాత్రం హాయి.

కొల్లేరుకి చలికాలంలో వెళ్ళాలి. గూడబాతులు వందల్లో చెట్ల మీద కూర్చుని ఉంటాయి. ఒక్కోటి లేస్తుంటే చాప దులిపినట్టు చప్పుడు. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చి పడగొట్టారు. సరస్సు చూద్దామని పోతే ముందు కనపడేవి ఇప్పటికీ చెరువులే. ఆ చెరువుల గట్ల మీద గుడిసెలు, వాటి ముందు వలలు. కాపలా ఉన్నవాళ్ళతో మాట్లాడితే చాలామంది యానాదులే. మా కోయవాడు అన్నాడు: "మనం అడవి కాపలా కాస్తే దొంగలమన్నారు, వీళ్ళు చెరువు కాపలా కాస్తే పాలేళ్ళన్నారు." ఆ మాటకి అప్పుడు నవ్వాం.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక సాయంత్రం తిరిగొస్తుంటే ఒక ఊళ్ళో, పేరు రాయం, టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్ళు ఆపారు.

"ఎవరి తాలూకురా మీరు?"

"బందరులో చదువుకుంటున్నామండి. కొల్లేరు చూసొస్తున్నాం."

ఒక్కొక్కళ్ళనే ఊరడిగారు. చింతపల్లి అంటే "అబ్బో, అరకు దగ్గరా" అన్నారు. మాచర్ల అంటే తలూపారు. మా యానాదోడి దగ్గరికొచ్చేసరికి ఊరు అడగలేదు. మొహం చూశారు, మాట తీరు విన్నారు. "నువ్వు గట్టోళ్ళ పిల్లోడివి కదరా. ఈ సైకిలెక్కడిది?" అన్నారు.

"కొన్నానండి."

"బిల్లుందా?"

నాలుగు సైకిళ్ళుంటే బిల్లు అడిగింది ఒక్కదానికే. మా అమ్మాయి ముందుకొచ్చి, "నాకూ బిల్లు లేదండి, నాది సర్కారు సైకిలు. అందరినీ అడగండి, లేకపోతే ఎవర్నీ అడక్కండి" అంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "పోండి పోండి, చీకటి పడుతోంది" అని వదిలేశారు. అంతే జరిగింది. కానీ తర్వాత పది కిలోమీటర్లు మాలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని చాలా మాట్లాడుకున్నాం. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకల వాళ్ళని పుట్టుకతోనే నేరస్థులుగా రాసి, స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకున్నారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టమైతే పోయింది. ఒక్కడినే బిల్లు అడిగే ఆ చూపు మాత్రం టీ కొట్టు బల్ల మీద ఇంకా కూర్చునే ఉంది. మా చింతపల్లోడు నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నాడు: "నన్ను వదిలేసినప్పుడు లోపల హమ్మయ్య అనుకున్నానురా." మేమందరం అదే అనుకున్నాం. అది రాయకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది.

ఇంకోటి కూడా ఉంది. దారులన్నీ గీసేది మా యానాదోడే. ఏ లాకు దగ్గర దాటాలో, ఏ గట్టు వానకి జారుతుందో, ఏ డొంకలో కుక్కలుంటాయో వాడికి తెలియంది లేదు. కానీ గుడివాడకీ బందరుకీ మధ్య ఒక కాలవ గట్టు మీదికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్ళేవాడు కాదు. "అటు బాలేదు, ముళ్ళు" అనేవాడు. మేమూ నమ్మాం.

డిసెంబరులో ఒక రోజు వరి కుప్పలు నూర్చి రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. పక్కన ట్రాక్టర్లు, కాటా లారీలు. పోవటానికి దారి లేదు. మిగిలింది ఆ గట్టే. వాడు కాసేపు నిలబడి, "సరే పదండి" అన్నాడు.

ముళ్ళేమీ లేవు. మేం తిరిగిన గట్లన్నిటిలోకీ మంచి గట్టు అది. ఒక పక్క నిండు కాలవ, ఒక పక్క కోసిన పొలంలో అప్పుడే మొలిచిన మినుము. తాటిచెట్ల నీడ. రెండు కిలోమీటర్లు పోయాక ఇరవై గుడిసెలు వచ్చాయి. తాటాకు కప్పు, పైన నీలం పట్టా. గుమ్మాల ముందు ఎలుకల బుట్టలు, పీతల బుట్టలు, ఎండేసిన వల. ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, వాడి ముద్దుపేరు పెట్టి పిలిచింది.

వాడి నాయనమ్మ. అది వాడి ఇల్లు.

"వీళ్ళేనా నీ నేస్తాలు? ఇన్నాళ్ళూ తీసుకురాలేదేరా? రండయ్యా, రామ్మా, కూకోండి."

వాడు తల ఎత్తలేదు. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. కోతల కాలం కదా, పొలంలో పట్టిన ఎలకలు. పొలం ఆసామి ఎలకలు పట్టమని తనే పిలుస్తాడు, పంట మిగిలినందుకు కూలి ఇస్తాడు, వాళ్ళు దాన్ని తింటారని మాత్రం మొహం చిట్లిస్తాడు. వాడు భయపడింది అందుకేనని మాకు అప్పుడర్థమైంది. మా కోయవాడు మూత తీసి చూసి, "మామ్మా, మీరు ముందు కాలుస్తారా, లేక తోలు తీసి వండుతారా? మా అమ్మ అయితే కాల్చి చింతపండు వేస్తుంది" అన్నాడు. ముసలమ్మ పడీ పడీ నవ్వింది. వాడు తలెత్తాడు. ఆ రోజు మేం అక్కడే అన్నం తిన్నాం.

తిన్నాక మామ్మ తన సంగతి చెప్పింది. వాళ్ళది అసలు దివిసీమ, సముద్రం దగ్గర. 1977 నవంబరు 19 ఉప్పెనలో భర్త, ఇద్దరు పిల్లలు పోయారు. తను తాటిచెట్టు మొవ్వు పట్టుకుని తెల్లారేదాకా ఉంది. పెద్దవాళ్ళు చెప్పే ఆ ఉప్పెనలో చనిపోయినవాళ్ళు సర్కారు లెక్కన పదివేల దరిదాపు. ఇంకా ఎక్కువని అప్పట్నించీ అంటున్నారు. మామ్మ చెప్పింది ఇది: "పేర్లు రాసుకోటానికొచ్చినాయన రేషను కార్డు అడిగాడయ్యా. మాకు కార్డెక్కడిది? కార్డు లేనోళ్ళు పోయినా లెక్కలోకి రాలేదు, మిగిలినా లెక్కలోకి రాలేదు." మిగిలిన బిడ్డని చంకనేసుకుని కూలి వెతుక్కుంటూ ఎగువకి వచ్చి ఈ గట్టు మీద ఆగింది. ఆ బిడ్డే మావాడి నాన్న.

ఇప్పుడు ఆ గట్టు మీద రోడ్డు వేస్తారట. కాలవ గట్టు పోరంబోకు, ఖాళీ చెయ్యాలి అని నోటిమాటగా చెప్పి వెళ్ళారు. కాగితం ఇంకా రాలేదు. మామ్మ అంది: "రోడ్డు వెయ్యొద్దని ఎవురన్నారు? మా పిల్లలూ బడికి పోవాలి. మమ్మల్ని ఎక్కడ పెడతారో చెప్పి వెయ్యమనండి."

మిత్రులారా, ఇక్కడే మాకు గుండెలో కలుక్కుమంది. మేం రెండేళ్ళుగా ఏం కోరుకుంటున్నాం? గట్టు మీద నున్నటి రోడ్డు ఉంటే ఎంత బాగుండు అనే. గట్టు నున్నగా అయితే సైకిలు హాయిగా పోతుంది. ఆ నున్నదనం కింద ఇరవై పొయ్యిలున్నాయి. మనకి ప్రశాంతమైన దారి, వాళ్ళకి వాకిలి.

మన్యంలో మనకి ఎన్ని బాధలున్నా చేతిలో ఒక కాగితం ఉంది. ఐదో షెడ్యూలు ఉంది, 1/70 చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అవి ఎంత అమలవుతున్నాయో వేరే సంగతి, పోట్లాడటానికి పట్టుకునే కొమ్మ ఒకటుంది. మైదానంలో ఉన్న యానాదికి, ఎరుకలకి ఆ కొమ్మ కూడా లేదు. వాళ్ళ ఊరు షెడ్యూలు ప్రాంతం కాదు, కాలవ గట్టు అడవి కాదు. ఎస్టీ అన్న మాట ఒక్కటే ఉంది, అది కూడా సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకే. ఆ ఇరవై గుడిసెల్లో పిల్లలకి చాలామందికి అది లేదు.

అందుకని తర్వాతి మూడు ఆదివారాలు దూరం తొక్కలేదు. ఆ గట్టుకే పోయాం. బుట్టలో అటుకుల బదులు తెల్లకాగితాలు. ఎవరెవరికి ఆధార్ ఉంది, ఎవరికి లేదు, పిల్లల పుట్టిన తేదీలేవి, అన్నీ రాసుకున్నాం. కుల ధ్రువపత్రాలకి అర్జీలు, ఇంటిస్థలం కోసం అందరి వేలిముద్రలతో ఒక అర్జీ రాసి ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నాం. రసీదు అడగటం మా అమ్మాయి తండాలో నేర్చుకున్న విద్య. ఇప్పటిదాకా రెండు సర్టిఫికెట్లు వచ్చాయి. స్థలం సంగతి ఏమీ తేలలేదు.

చివరి దారి దివిసీమ. అది మామ్మ పంపితే వెళ్ళింది. "మా తాటితోపు ఉందేమో చూసి రండి" అంది. బందరు నుంచి చల్లపల్లి, అక్కణ్ణించి ఘంటసాల. ఘంటసాలలో పాత బౌద్ధ స్తూపం ఉంది. తర్వాత శ్రీకాకుళం, అంటే ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న మన కృష్ణా ఒడ్డు శ్రీకాకుళం. అక్కడ కరకట్ట ఎక్కితే ఒక పక్క కృష్ణ, ఒక పక్క అరటి, చెరుకు, పసుపు. అలా దిగువకి నడకుదురు, మోపిదేవి, పులిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది, ఆ రెండు పాయల నడుమ ఉన్నదే దివిసీమ. అక్కడి అక్విడక్టు తప్పకుండా చూడండి, ఏటి పాయ మీదుగా కాలవ దాటి పోతుంది. కింద నది, పైన కాలవ. తర్వాత అవనిగడ్డ, కోడూరు, చివర హంసలదీవి. అక్కడ కృష్ణ సముద్రంలో కలుస్తుంది. చుట్టు తిరుగుడుతో మాకు ఒకవైపే రెండు రోజులు పట్టింది. తొందర పడకండి.

కోడూరు దాటాక మావాడు అందరికంటే ముందు తొక్కాడు. నాయనమ్మ చెప్పిన గుర్తులు అడుగుతూ పోయాడు. తోపు లేదు. ఆ చోట రొయ్యల చెరువులు, నీళ్ళు తిప్పే ఏరేటర్ల చప్పుడు. ఒక పెద్దాయన మాత్రం, "అవును నాయనా, ఇక్కడ యానాది గుడిసెలుండేవి, ఉప్పెనలో పోయినయ్" అన్నాడు. వాడు ఆయన చేత ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. లెక్కలో లేని మాట ఒక మనిషి నోట విన్నాడు. అదే వాడికి చాలనిపించింది.

తిరిగొచ్చి మామ్మకి చెప్తే ఏడవలేదు. "నీళ్ళు ఇంకా ఉప్పగానే ఉన్నయ్యా?" అని అడిగి, పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

ఇక మీరు రావాలనుకుంటే నాలుగు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాన పడ్డాక రెండు రోజులు గట్టెక్కకండి, నల్లమట్టి చక్రానికి చుట్టుకుంటే సైకిలు మోసుకు రావాల్సిందే. రొయ్యల లారీల నుంచి కారిన నీటికి రోడ్డు జారుతుంది, మలుపుల్లో జాగ్రత్త. నలుగురు కలిసి వెళ్ళండి. ఎవరైనా ఆపి మీలో ఒక్కడినే ప్రశ్నిస్తే, మిగతా వాళ్ళు పక్కకి తప్పుకోకండి. గుడిసెలు కనపడగానే సైకిలు దిగండి, నడిపించుకుంటూ పోండి, పలకరించండి. అడక్కుండా ఫోటో తీయకండి. అది వాళ్ళ వాకిలి.

ఇంకో సాయం కావాలి. మైదాన ప్రాంతంలో, కాలవ పోరంబోకులో ఉన్న ఎస్టీ కుటుంబాలకి ఇంటిస్థలం సాధించిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే, ముఖ్యంగా నెల్లూరు వైపు యానాది అన్నలు, అక్కలు, ఏ అర్జీ ఎవరికి పెట్టారో మాకు చెప్పండి. కాగితం వచ్చేలోపు మన కాగితం సిద్ధంగా ఉండాలి.

వచ్చే ఆదివారం కూడా ఆ గట్టుకే పోతున్నాం. మావాడిప్పుడు "ముళ్ళు" అనటం లేదు. ముందు వాడి సైకిలే ఉంటుంది.

జోహార్.
బందరు నుంచి, మీ నలుగురు